మాకు కావలసింది ఒక రేకుల షెడ్డు

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ నెల మొదటి వారంలో మీ ఉత్తరాల పేజీలో కడప పాఠకుడొకరు రాసిన ఉత్తరం చదివాను. విమానాశ్రయాల దగ్గర చిన్న విమానాలకు కూడా కొంచెం చోటివ్వాలన్న మాట ఎక్కడో విని ఆయనకు కోపం వచ్చింది. “సొంత విమానం కొనగలిగినవాళ్లకు ప్రభుత్వ భూమి ఎందుకు? తాగునీళ్లు లేని ఊళ్లు ఇన్ని ఉంటే ధనవంతుల సరదాకు షెడ్లు కట్టాలా?” అని అడిగారు. తాగునీళ్ల సంగతి ఆయన రాసింది నిజం. గుత్తిలో పుట్టి పెరిగినవాణ్ణి, ఎండాకాలంలో బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడ్డవాణ్ణి, ఆ మాట నేను కాదనలేను. కానీ రెండో మాట దగ్గర ఆయన పొరబడ్డారు. సొంత విమానం ఉన్నవాళ్లంటే ఆయన మనసులో ఉన్న మనిషి నేను కాదు. అయినా నాకు విమానం ఉంది. సరిగ్గా చెప్పాలంటే, ఒక విమానంలో నాలుగో వంతు ఉంది.

నేను 1985లో గుత్తి డీజిల్ లోకో షెడ్డులో ఖలాసీగా చేరాను. 2022లో సీనియర్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం ఆల్కో రకం డీజిల్ రైలు ఇంజిన్ల కిందే గడిచింది. పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్, ఒక్కో పిస్టన్‌ను ఇద్దరం కలిసి ఎత్తాల్సి వచ్చేది. పెన్షన్ తప్ప నాకు వేరే రాబడి లేదు. మా నాయన వదిలిపోయిన మూడెకరాల చెనిక్కాయ చేను కౌలుకిచ్చాను. వానొస్తే కౌలు వస్తుంది, రాకపోతే లేదు.

విమానం మీద ఆశ చిన్నప్పుడే పట్టుకుంది. కానీ అది తీరుతుందని యాభై ఏళ్లు వచ్చేదాకా అనుకోలేదు. 2012లో బెంగళూరు దగ్గర ఒక శిక్షణ సంస్థకు ఊరికే చూద్దామని వెళ్లాను. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు ఏం కావాలని అడిగితే అక్కడి ఇన్‌స్ట్రక్టర్ చెప్పినవి ఇవి: పదిహేడేళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, డాక్టరు పరీక్షలో నెగ్గాలి, రాత పరీక్షలు రాయాలి, కనీసం 40 గంటలు ఎగరాలి. కమర్షియల్ పైలట్‌కైతే 200 గంటలు కావాలి. మన పిల్లలు అప్పులు చేసి లక్షలు పోసి చదివేది ఆ రెండోది. మొదటి దాని సంగతి మన వైపు ఎవరూ మాట్లాడరు. జీతానికి విమానం నడపడానికి అది పనికిరాదు, తన ఆనందానికి తాను ఎగరడానికే. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరేమో.

ఆ 40 గంటలు పూర్తి చేయడానికి నాకు మూడేళ్లు పట్టింది. గంటకు పదివేల పైన అయ్యేది. చేతిలో డబ్బు ఉన్న నెల రెండు గంటలు, లేని నెల సున్నా. పీఎఫ్ నుంచి రెండుసార్లు తీసుకున్నాను. చదువు ఇంకా కష్టమైంది. తెలుగు మీడియంలో పదో తరగతి చదివినవాణ్ణి ఇంగ్లీషులో ఎయిర్ రెగ్యులేషన్స్, నావిగేషన్, వాతావరణం పేపర్లు రాయాలి. రేడియోలో మాట్లాడటానికి ఇంకో లైసెన్సు. నైట్ డ్యూటీలో ఇంజిన్ లోడ్ టెస్ట్ మీద ఉన్నప్పుడు, పక్కన స్టూలు మీద పుస్తకం పెట్టుకుని చదివాను. నావిగేషన్‌లో ఒకసారి తప్పాను. రెండోసారి పాసయ్యాను.

నేను నేర్చుకున్న విమానం సెస్నా 152. రెండు సీట్లు, 110 హార్స్‌పవర్ ఇంజిన్. ఆ మోడల్ తయారీ 1985లోనే ఆగిపోయింది, అంటే నేను రైల్వేలో చేరిన ఏడాది. నేను పుల్లలు పెట్టి గ్రీజు గీకడం నేర్చుకుంటున్న రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన విమానాలు ఈ రోజుకీ పిల్లలకు ఎగరడం నేర్పుతున్నాయి. కారణం ఒక్కటే, లాగ్‌బుక్. ఏ భాగం ఎన్ని గంటలు తిరిగింది, ఎవరు విప్పారు, ఎవరు బిగించారు, ఎవరు సంతకం పెట్టారు అన్నది మొదటి రోజు నుంచీ రాసి ఉంటుంది. లోకో షెడ్డులో మేమూ అదే పద్ధతిలో బతికాం. విమానం చూసి భయపడని నేను, ఆ లాగ్‌బుక్ చూసి మాత్రం చేతులు జోడించాను.

ఇక కొనడం గురించి. 2019లో మేం నలుగురం కలిశాం. నేను, తాడిపత్రిలో ట్రాక్టర్ స్పేర్‌పార్టుల అంగడి నడిపే అన్న, ధర్మవరం వైపు పనిచేసే పశువుల డాక్టరు, కర్నూలులో కాలేజీ లెక్చరరు. అందరం ఎగరడం నేర్చుకున్నచోటే పరిచయమైనవాళ్లం. పాత మైక్రోలైట్ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. రెండు సీట్ల, బాగా తేలికైన విమానం, బెంగళూరులోనే తయారైంది. అల్యూమినియం పైపుల చట్రం, దాని మీద డాక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డ. ముందు రోటాక్స్ 912 ఇంజిన్. నాలుగు సిలిండర్లు, 80 హార్స్‌పవర్, మారుతి కారు ఇంజిన్ అంత. పదహారు లక్షలకు బేరం కుదిరింది. మనిషికి నాలుగు లక్షలు. ఆ ఏడాది మా వీధిలో ఇద్దరు అంతకన్నా ఎక్కువ పెట్టి కార్లు కొన్నారు.

మా పల్లెల్లో పొత్తుబోరు అంటే అందరికీ తెలుసు. నలుగురు అన్నదమ్ములు కలిసి బోరు వేయించుకుంటారు, వంతులవారీగా నీళ్లు పారించుకుంటారు, మోటారు కాలితే తలా ఇంత వేసుకుంటారు. మాదీ అదే ఏర్పాటు. ఇంగ్లండులో, అమెరికాలో చిన్న విమానాల్లో ఎన్నో ఇలా నలుగురైదుగురు కలిసి కొనుక్కున్నవే. టీచర్లు, ప్లంబర్లు, రైతులు. మనకు ఆ పద్ధతి కొత్తేమీ కాదు, బోర్ల దగ్గర ఉన్నదే.

కడప పాఠకుడు లెక్క చూస్తే నమ్ముతారేమో అని, దాచకుండా రాస్తున్నాను. మొదట ఎగిరినా ఎగరకపోయినా తప్పనివి: విమానం పెట్టుకునే చోటికి నెలకు పన్నెండు వేలు, ఇన్సూరెన్సు ఏడాదికి దాదాపు యాభై వేలు, ఏటా చేయించాల్సిన తనిఖీ, లైసెన్సు ఉన్న ఇంజినీరు ఫీజు, పత్రాలు, చిల్లర భాగాలు కలిపి లక్ష పైన. మొత్తం ఏడాదికి మూడు లక్షలు. నాలుగు వాటాలు వేస్తే మనిషికి 75 వేలు.

ఆ తర్వాత ఎగిరిన గంటకు అయ్యేది. ఇంధనం గంటకు పదిహేను లీటర్ల లెక్క. దానికి తోడు గంటకు వెయ్యి రూపాయలు ఇంజిన్ ఖాతాలో వేస్తాం. ఈ ఇంజిన్‌కు 2,000 గంటలు లేదా 15 ఏళ్లు, ఏది ముందొస్తే ఆ రోజు ఓవర్‌హాల్, అంటే మొత్తం విప్పి బాగు చేయించాలి. ఆ రోజు వచ్చినప్పుడు ఎవరి మొహమూ చూడకుండా డబ్బు సిద్ధంగా ఉండాలని ఆ వెయ్యి. పొత్తుబోర్ల గొడవలన్నీ మోటారు కాలిన రోజే మొదలవుతాయి కాబట్టి, ఈ పద్ధతి మా తాడిపత్రి అన్న మొదటి రోజే పెట్టించాడు. తక్కిన ముగ్గురం అప్పుడు కొంచెం గొణిగాం. ఇప్పుడు ఆయనకు రుణపడి ఉన్నాం.

మొదట్లో ఇంధనం అంటే బంకులో పోయించుకునే మామూలు పెట్రోలే. రోటాక్స్‌కున్న పెద్ద మేలు అదే. గంటకు పదహారు పదిహేడు వందల్లో సరిపోయేది. తర్వాత బంకుల్లో పెట్రోలు ఇరవై శాతం ఇథనాల్‌తో రావడం మొదలైంది. ఈ ఇంజిన్‌కు తయారీదారు ఒప్పుకున్నది పది శాతం దాకానే. ఇథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, వేడిలో పైపుల్లోనే ఆవిరి కట్టి ఇంధనాన్ని అడ్డగిస్తుంది. రోడ్డు మీద బండి ఆగితే పక్కకు తోసుకుంటాం. పైన అలా కుదరదు. అందుకని ఏవ్‌గ్యాస్‌కు, అంటే చిన్న విమానాల పెట్రోలుకు మారాం. నీలం రంగులో ఉంటుంది, 100 ఆక్టేన్, పాత పెట్రోలు మాదిరి సీసం కలిపి ఉంటుంది. ఒకప్పుడు అది పూర్తిగా విదేశాల నుంచి వచ్చేది. 2022 నుంచి ఇండియన్ ఆయిల్ వాళ్లు వడోదర రిఫైనరీలో మన దేశంలోనే తయారు చేస్తున్నారు. దేశానికి అది మంచి పని. మాకు మాత్రం పీపాల్లో తెప్పించుకుంటే గంటకు ఇంధనం ఖర్చే మూడు వేలకు దగ్గరైంది. సీసం వల్ల ఆయిల్ కూడా తొందరగా మార్చాలి. ఆ పని నేనే చేస్తాను, తీసిన ఆయిల్ ఫిల్టర్‌ను కోసి లోపల ఇనప రజను ఏమైనా ఉందేమో చూస్తాను. లోకో షెడ్డు అలవాటు.

నేను ఏడాదికి ఇరవై ఐదు గంటలు ఎగురుతాను. గంటకు నాలుగు వేల చొప్పున లక్ష, పైన చెప్పిన 75 వేలు. అంటే నెలకు పద్నాలుగున్నర వేలు. చిన్న మొత్తం అనను. కూలికి పోయే ఇంటికి అది నెల బతుకు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ నాకు తాగుడు లేదు, ప్లాట్లు కొనలేదు, పిల్లల పెళ్లిళ్లు రిజిస్ట్రార్ ఆఫీసులో చేశాను. ఆ మిగిలిన డబ్బుతో ఎగురుతున్నాను. ధనవంతుడు అన్న మాట దగ్గర నాకు కష్టమనిపించింది ఇందుకే.

పొత్తు నిలవదని పెద్దవాళ్లంటారు. ఆరేళ్లుగా మాది నిలిచింది. ఒక సంఘటన చెప్పాలి. ఒక ఆదివారం తాడిపత్రి అన్న ఒంటరిగా ఎగిరి దిగేటప్పుడు చక్రాలు గట్టిగా తగిలాయి. చూసినవాళ్లు లేరు. పైకి ఏ దెబ్బా కనపడలేదు. అయినా ఆయన ఆ సాయంత్రమే రిజిస్టర్‌లో తన చేత్తో రాశాడు, “ల్యాండింగ్ గట్టిగా అయింది, అండర్‌క్యారేజ్ చూసేదాకా ఎవరూ ఎగరొద్దు” అని. ఇంజినీరు వచ్చి చూస్తే ఎడమ చక్రం బ్రాకెట్‌లో వెంట్రుకంత పగులు. తర్వాతి ఆదివారం నా వంతు. ఆయన రాయకపోయి ఉంటే ఆ పగులు మీద దిగేవాణ్ణి నేను. ఆ బ్రాకెట్ ఇప్పటికీ మా ఇంట్లో అల్మారాలో ఉంది.

మా ఇంటావిడ మొదట ఒప్పుకోలేదు. “ఇంజిన్ ఆగిపోతే ఎట్ల?” అన్నది ఒక్కటే ఆమె ప్రశ్న. ఊళ్లో ఇప్పటికీ నన్ను అందరూ అడిగేది అదే. ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. ఇంజిన్ ఆగితే విమానం రాయి మాదిరి పడదు. గాల్లో జారుతూ వస్తుంది. మా విమానం 2,000 అడుగుల ఎత్తున ఉంటే దాదాపు నాలుగు కిలోమీటర్లు జారగలదు. ఆ నాలుగు కిలోమీటర్లలో దిగడానికి ఒక బీడు ఎక్కడుందో ఎగురుతున్నంతసేపూ చూసుకుంటూ ఉండటమే పైలట్ పని. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో దిగే విమానానికి చదునైన చేను చాలు. ఇంజిన్‌లో ప్రతి సిలిండర్‌కూ రెండేసి ప్లగ్గులు, వాటికి రెండు వేర్వేరు కరెంటు దారులు ఉంటాయి. ఎగిరే ముందు ప్రతిసారీ ఒకటి ఆపి రెండోది, రెండోది ఆపి మొదటిది పరీక్షించాలి. ట్యాంకు అడుగున కొంచెం ఇంధనం సీసాలోకి తీసి నీటి బొట్టు ఉందేమో వెలుతురుకు పెట్టి చూడాలి. ఇవన్నీ ఆమెను తీసుకెళ్లి ఎదురుగా చేసి చూపించాను. ప్రమాదం లేదని నేను చెప్పలేదు. ఉంది. దాన్ని ఎలా తగ్గించుకుంటామో చూపించాను. ఆమె ఒక షరతు పెట్టింది, మబ్బు చూసి అనుమానం వస్తే ఆ వారం ఊరికే తిరిగి రావాలని. ఇప్పటికి పదకొండుసార్లు అలా ఎగరకుండానే ఇంటికొచ్చాను.

ఇప్పుడు అసలు విషయం. మా విమానం బెంగళూరుకు అవతల ఒక ఎయిర్‌ఫీల్డ్‌లో ఉంటుంది. గుత్తి నుంచి దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు. శనివారం రాత్రి రైలెక్కి, తెల్లవారుజామున దిగి, బస్సు పట్టుకుని అక్కడికి చేరి, ఒక గంట ఎగిరి, మళ్లీ రాత్రికి గుత్తి. నా వయసు అరవై మూడు. రాత్రంతా నిద్ర లేకుండా కూర్చుని వచ్చి విమానం నడపడం మంచిది కాదని నాకే తెలుసు. అందుకని ఈ మధ్య ముందురోజే వెళ్లి లాడ్జిలో పడుకుంటున్నాను. ఆ ఖర్చు పై లెక్కలో వేయలేదు.

మన జిల్లాల్లో రన్‌వేలు లేక కాదు. పుట్టపర్తిలో 1990 నుంచి ఉంది, అది ట్రస్టు వారిది. కడపలో 2015 నుంచి ప్రయాణికుల విమానాలు తిరుగుతున్నాయి. పైలట్ శిక్షణ సంస్థల కోసం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎంపిక చేసిన చోట్లలో కూడా కడప ఉంది. కర్నూలుకు ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో వచ్చింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు, 2,000 మీటర్ల రన్‌వే, దాదాపు వెయ్యి ఎకరాల భూమి. రోజులో విమానం దిగేది కాసేపు. మిగతా సమయమంతా ఆ రన్‌వే ఎండకు ఎండుతూ ఉంటుంది. మాకు ఆ రన్‌వే కూడా అక్కర్లేదు. మా విమానం వంద, నూటయాభై మీటర్లలో నేల వదిలేస్తుంది. ఎండాకాలానికి కూడా చాలేటట్టు 400 మీటర్ల మట్టి బాట, పక్కన రేకుల షెడ్డు ఉంటే చాలు.

ఎండాకాలం అన్నాను కాబట్టి ఒక మాట. వేడి గాలి పల్చగా ఉంటుంది, రెక్కకు పట్టు తక్కువ, ఇంజిన్‌కు ఊపిరి తక్కువ. గుత్తి సముద్రమట్టానికి 1,100 అడుగుల పైన ఉంది. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం విమానానికి అది 4,500 అడుగుల కొండ మీద ఉన్నట్టే. మామూలు రోజున నూటయాభై మీటర్లలో లేచేది అప్పుడు చాలా దూరం పరిగెత్తాలి. అందుకే మా వంటివాళ్లు తెల్లవారాక రెండు గంటలు, అంతే, ఎగురుతారు. ఆషాఢ శ్రావణాల్లో పడమటి గాలి లేస్తే అదీ లేదు. రామగిరిలో గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఇవి తీసేస్తే, మా అనంతపురం జిల్లా ఎగరడానికి చాలా మంచి చోటు. వాన తక్కువ, పొగమంచు తక్కువ, చూపు మేర ఖాళీ నేల. ఈ ఆకాశాన్ని చూసి ఏడవడమే మా తాతల నుంచీ అలవాటు. మేఘమథనం అని విమానాలు మబ్బుల్లో రసాయనాలు చల్లడానికి తిరిగిన రోజుల్లో మా చేలో నిలబడి మా నాయన తలెత్తి చూస్తూనే ఉండిపోయాడు. మబ్బు కురిసిందో లేదో గానీ, ఆయన ఆ విమానం శబ్దం గురించి చాలా రోజులు చెప్పాడు. బతికి ఉండగా ఆయన్ను ఒక్కసారి పైకి తీసుకుపోలేకపోయాను. అప్పటికి నాకు లైసెన్సు రాలేదు.

షెడ్డు సోకు కోసం కాదని చెప్పడానికి ఇంకో సంగతి. రెక్కల మీది డాక్రాన్ గుడ్డ ఎండకు చివికిపోతుంది. నీడలో ఉంటే ఏళ్లు వస్తుంది, బయట పెడితే కొన్ని ఎండాకాలాల్లో వేలితో పొడిస్తే చిరిగేలా అవుతుంది. మూడేళ్ల కిందట అద్దెకున్న చోట షెడ్డు నిండిపోయిందని మా విమానాన్ని రెండు నెలలు బయట తాళ్లతో కట్టి ఉంచారు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఈదురుగాలి వచ్చింది. ఒక తాడు మేకు ఊడింది. విమానం ఎడమవైపు లేచి కుడి రెక్క మీద పడింది. పైపులు వంగాయి, గుడ్డ పొడవునా చీలింది. ఇన్సూరెన్సు పోగా మూడు లక్షల ఇరవై వేలు మా చేతి నుంచి పడింది. ఎనిమిది నెలలు ఎగరలేదు. ఆ ఎనిమిది నెలలూ అద్దె మాత్రం కట్టాం. పశువుల డాక్టరు గారు అప్పుడు వాటా అమ్ముకుందామనుకున్నారు. మేం ముగ్గురం ఆయన వంతు కొంత సర్దుకుని నిలబెట్టుకున్నాం.

ఆ తర్వాతే మన వైపు చోటు కోసం తిరగడం మొదలుపెట్టాను. ఏ ఆఫీసు అన్నది రాయను. అర్జీ ఇచ్చి నాలుగు నెలల తర్వాత వెళితే కాగితం కనపడలేదన్నారు. మళ్లీ ఇచ్చాను. అక్కడి ఉద్యోగి ఒకాయన, “ఏమప్పా, ఏరోప్లేన్ ఉన్నోనివి, నీకు షెడ్డుకు కరువొచ్చిందా?” అన్నాడు. చెడ్డ మనిషి కాదు. ఆయనకూ కడప పాఠకుడికీ ఉన్నది ఒకే ఊహ. కూర్చోబెట్టి టీ తాగించి లెక్క చెప్పాను. విన్నాడు. “మా రూల్సులో మీకు కాలమ్ అనేదే లేదు సార్” అన్నాడు చివరికి. విమానయాన సంస్థలకు ఒక కాలమ్ ఉంది, శిక్షణ సంస్థలకు ఒకటి ఉంది, నలుగురు మనుషుల పాత విమానానికి లేదు.

పన్నుల్లోనూ అంతే. సొంత వాడకానికి కొనే విమానం మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 40 శాతమైంది. పెద్ద కార్లు, విలాసాల పడవలు, కూల్‌డ్రింకులు ఉన్న శ్లాబు అది. వందల కోట్ల జెట్‌కూ గుడ్డ రెక్కల విమానానికీ ఒకే రేటు. మాది పాతది కాబట్టి మాకు ఆ దెబ్బ తగల్లేదు. రేపు ఒక ఊరి కుర్రవాళ్లు నలుగురు కలిసి బెంగళూరులో తయారైన కొత్త విమానం కొందామనుకుంటే తగులుతుంది.

మన దేశంలో టాటాల విమాన సర్వీసు మొదలైంది ఇలాంటి చిన్న విమానంతోనే అని గుర్తు చేయాలి. జేఆర్‌డీ టాటా 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాల సంచులతో ఎగిరిన పస్ మాత్, ఒంటి ఇంజిన్ విమానం. సొంతంగా ఎగరాలనుకునేవాళ్ల కోసం తయారు చేసిన రకం అది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వ విమానాల ఫ్యాక్టరీ హెచ్ఏఎల్ వాళ్లు ఫ్లయింగ్ క్లబ్బుల కోసం పుష్పక్ అని రెండు సీట్ల విమానం కట్టారు. తర్వాత బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్ వాళ్లు హంస చేశారు. దాని కొత్త రూపానికి పెట్టింది కూడా రోటాక్స్ ఇంజినే. చేసేవాళ్లు పక్క రాష్ట్రంలోనే ఉన్నారు. పెట్టుకునే చోటు, బిగించే మనిషి ఇక్కడ లేరు.

బిగించే మనిషి అన్నది నాకు ముఖ్యం. గుత్తి, గుంతకల్లు వైపు డీజిల్ ఇంజిన్ల మీద చేతులు తిరిగినవాళ్లు వందల మంది ఉన్నారు. లైన్లకు కరెంటు వచ్చి డీజిల్ పని తగ్గింది. వాళ్ల పిల్లలు ఐటీఐ చేసి బెంగళూరులో సెక్యూరిటీ గార్డులుగా నిలబడుతున్నారు. ఒక షెడ్డులో నాలుగు చిన్న విమానాలుంటే ఒక లైసెన్సు ఇంజినీరు వారానికొకసారి వచ్చి పోతాడు. ఆయన పక్కన ఇద్దరు పిల్లలు స్పానర్ అందిస్తూ నేర్చుకుంటారు. పెద్ద ఫ్యాక్టరీ వస్తుందని నేను చెప్పడం లేదు. ఇద్దరు పిల్లలు, అంతే.

కడప పాఠకుడికి నా మనవి ఇది. ఉచితంగా ఏదీ అడగడం లేదు. భూమి ప్రభుత్వానిదే ఉండనివ్వండి. షెడ్డు మేమే వేసుకుంటాం, అరవై అడుగుల వెడల్పు, నలభై లోతు, రేకులు, ఇనుప స్తంభాలు. అద్దె ఎంతని చెబితే అంత, ఏడాదిది ముందే కడతాం. ప్రయాణికుల విమానం వచ్చే వేళకు గంట ముందూ వెనకా ఇంజిన్ ముట్టం. టవర్ వాళ్లు వద్దంటే వద్దు. ఆయన ఒప్పుకుంటే ఒక ఆదివారం మాతో రమ్మని పిలుస్తున్నాను. రైలు టికెట్ నేనే తీస్తాను. ముందు లాగ్‌బుక్ చూపిస్తాను, తర్వాత విమానం. ఎక్కాలో వద్దో అది ఆయన ఇష్టం.

మూడోసారి అర్జీ ఈ వారమే పెడుతున్నాం, నలుగురి సంతకాలతో, షెడ్డు ప్లాను జత చేసి. తాళాలు ఐదు చేయిస్తామని అందులో రాశాం. నాలుగు మాకు, ఐదోది విమానాశ్రయం వారికి.

ఇట్లు,
రిటైర్డ్ రైల్వే టెక్నీషియన్,
గుత్తి, అనంతపురం జిల్లా